వంతు ముందే చెప్పండి

ప్రశ్న: భీమవరం దగ్గర నాకో రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు ఉంది. రొయ్య పొట్టు తీసే పీలింగు వాళ్ళు కాక స్టాఫే ముప్పై మంది. ల్యాబు, ప్రొడక్షను, స్టోర్సు, ఎక్స్‌పోర్టు కాగితాలు చూసేవాళ్ళు. ఈ ఒక్క ఏడాదిలో పదకొండు మంది మానేశారు. జీతం ఒకటో తారీకుకి ఇచ్చేస్తాను. సంక్రాంతికి బట్టలు పెడతాను. ఒకతను చెల్లెలి పెళ్ళికని అడిగితే వడ్డీ లేకుండా లక్షన్నర ఇచ్చాను. బాకీ తీరిన నెలలోనే అతనూ వెళ్ళిపోయాడు. మా నాన్నగారి దగ్గర చేసిన గుమస్తాగారు ముప్పై ఏళ్ళు ఇంకో గడప తొక్కలేదు. ఈ కుర్రాళ్ళకి ఏం తక్కువైందో అర్థం కావడం లేదు. మా అల్లుడు వీళ్ళని మిలీనియల్స్ అంటారని, వీళ్ళకి ఆఫీసులో కేరమ్ బోర్డు, కాఫీ మిషను లాంటివి ఉండాలని చెబుతున్నాడు. పెట్టమంటే పెడతాను. ఆరేళ్ళుగా ల్యాబులో ఉన్న అమ్మాయి కూడా మొన్న నోటీసు ఇచ్చింది. ఈ నెలాఖరు దాకే వస్తుందట. కనీసం ఆమెనైనా ఆపగలనా?
— ఒక ప్లాంటు యజమాని, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం:

అన్నయ్యగారూ, నమస్కారం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ‘కుర్రాళ్ళు’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. మీ అల్లుడుగారు మిలీనియల్స్ అంటున్నది 1981 నుంచి 1996 లోపు పుట్టినవాళ్ళని. వాళ్ళలో పెద్దవాళ్ళకి నలభై దాటిపోయింది. చిన్నవాళ్ళు కూడా ముప్పై దగ్గర ఉన్నారు. మీ దగ్గర మానేసిన పదకొండు మందిలో ఎంతమందికి పెళ్ళయిందో, ఎంతమంది పిల్లలు బడికి వెళ్తున్నారో, ఎవరి నాన్నగారికి షుగరు ముదిరిందో ఒకసారి లెక్క వేసి చూడండి. పొద్దున్నే పిల్లని స్కూలు వ్యాను ఎక్కించి, అమ్మని భీమవరం ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఇంటి లోను కిస్తీ కట్టి, ఆ తర్వాత మీ గేటు దగ్గర హాజరు వేయించుకునే మనిషి కుర్రాడెలా అవుతాడు? ఇంటిల్లిపాదికీ అతనే ఆధారం. అతనికి ఏం కావాలి అన్న ప్రశ్నకి జవాబు అక్కడే మొదలవుతుంది.

నేను పాతికేళ్ళు ఈ డెల్టాలోనే ఫ్యాక్టరీల్లో ఉద్యోగుల వ్యవహారాలు చూశాను. మీకు ఉపయోగపడుతుందని నా వల్ల జరిగిన ఒక తప్పు చెబుతాను. ఒకచోట క్వాలిటీ సూపర్‌వైజరు ఒకతను రాజీనామా ఇచ్చాడు. ముప్పై నాలుగేళ్ళవాడు, పనిమంతుడు. కారణం అన్న గడిలో ‘మంచి అవకాశం’ అని రాశాడు. నేనూ ఫైలు మూసేశాను. ఏడాది తర్వాత పాలకొల్లు స్టేషన్లో కనిపించాడు. కొత్తచోట జీతం ఎంత పెరిగిందని అడిగాను. పదిహేను వందలన్నాడు. ఆ పదిహేను వందల కోసం రోజూ ఇంకో ఇరవై కిలోమీటర్లు బండి మీద తిరుగుతున్నాడు. ఎందుకు మానేశావని మళ్ళీ అడిగితే అప్పుడు చెప్పాడు. కూతురి బడిలో కార్యక్రమానికి సాయంత్రం నాలుగింటికి వెళ్తానని మూడుసార్లు అడిగాడట. మూడుసార్లూ మధ్యాహ్నం దాకా సరేనని, లోడు వచ్చిందని చివర్లో కాదన్నాం. ‘నాలుగోసారి అడగబుద్ధి కాలేదండి. లేదనిపించుకోవడం కంటే మానేయడమే నయమనిపించింది’ అన్నాడు. ఆ మూడు చీటీల మీదా సంతకం నాదే. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

మీరు వెంటనే అంటారు, రొయ్య ఆగదు కదమ్మా అని. నిజమే. చెరువు పట్టాక ఐసులో పెట్టి గంటల మీద ప్లాంటుకి చేర్చాలి, చేరిన సరుకుని వెంటనే ఎత్తుకోవాలి. కానీ పట్టుబడి ఆకాశం నుంచి ఊడిపడదు. ముందు కౌంటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో చూస్తారు. రేటు కుదురుతుంది. వలవాళ్ళకి కబురు వెళ్తుంది. ఐసు, బండి మాట్లాడతారు. అంటే రేపు తెల్లవారుజామున ఎన్ని టన్నులు రావచ్చో మీ కొనుగోలు మనిషికి ఈరోజు సాయంత్రానికి చాలా వరకూ తెలుసు. ఆ సంగతి ల్యాబు టెక్నీషియనుకి మాత్రం రాత్రి పదకొండున్నరకి ఫోను మోగినప్పుడు తెలుస్తుంది. మధ్యలో ఆరు గంటలు ఆ కబురు ఎక్కడ ఆగింది?

మనవి కాలువ నీళ్ళతో బతికే ఊళ్ళు. గోదావరిలో నీళ్ళు తగ్గిన ఏడాది దాళ్వాకి, అంటే రెండో పంట వరికి, వంతులు పెడతారు. శివారు రైతుకి అందే నీళ్ళు తక్కువే. అయినా తన వంతు ఏ రోజో తెలిస్తే ఆ రాత్రి పార పట్టుకుని గట్టు మీద కాపలా ఉంటాడు, మిగతా రోజులు తన పని చూసుకుంటాడు. వంతు చెప్పకుండా, ఎప్పుడో ఒకప్పుడు వదులుతాం, సిద్ధంగా ఉండండి అంటే ఆ రైతు వారమంతా గట్టు మీదే పడుకోవాలి. మీ స్టాఫు ఏడాది పొడుగునా గట్టు మీదే పడుకుంటున్నారని నా అనుమానం. పని ఎక్కువని వాళ్ళు వెళ్ళడం లేదు. తమ గంటలు ఏవో తమకే తెలియకపోవడం వల్ల వెళ్తున్నారు.

అందుకని నా మొదటి సలహా, అన్నిటికంటే గట్టిగా చెప్పే సలహా ఇది. వంతులు పెట్టండి. వచ్చే వారం రాత్రి డ్యూటీ ఎవరెవరిదో శనివారం నాటికి కాగితం మీద రాసి గోడకి అంటించండి, వాట్సాప్‌లో పెట్టండి. రోజూ సాయంత్రం ఆరింటికి రేపటి లోడు అంచనా పంపండి. పేరు లేనివాడికి ఆ రాత్రి ఎవరూ, మీ అల్లుడుగారితో సహా, ఫోను చేయకూడదు. వైట్ స్పాట్ రోగం తగిలి చెరువు హడావిడిగా పట్టేయాల్సి వస్తుంది, వాన పడుతుంది, బండి దిగబడుతుంది, అవన్నీ నాకూ తెలుసు. వాటి కోసం ప్రతి రాత్రికీ ఇద్దరిని అదనంగా పెట్టుకోండి. పిలిచినా పిలవకపోయినా ఆ ఇద్దరికీ ఇంత అని డబ్బు ఇవ్వండి. ఆ డబ్బు, మనుషులు మారినప్పుడల్లా కొత్తవాళ్ళకి పని నేర్పించడంలో పాడయ్యే సరుకుతో పోలిస్తే చిన్నది. కార్మికులకైతే వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు వేతనం చట్టమే చెబుతోంది. సూపర్‌వైజర్లకి అది రాదని చెప్పే సలహాదారులు ఉంటారు. చట్టం సంగతి ఎలా ఉన్నా రాత్రి పనికి వాళ్ళకీ ఒక రేటు రాసి పెట్టండి.

సెలవు సంగతి కూడా ఇందులోదే. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు మన వైపు. ఆ రోజు కూడా కంటైనరు వెళ్ళాల్సి ఉంటే ఈ ఏడాది ఎవరు వస్తారో, వచ్చినవాళ్ళకి బదులు ఏ రోజు ఇస్తారో డిసెంబరులోనే తేల్చేయండి. పోయినేడు వచ్చినవాడికి ఈ ఏడు రానక్కర్లేదని మాట ఇవ్వండి. మీరు పెట్టే కొత్త బట్టలు కట్టుకుని ఇంట్లో కూర్చునే రోజు కూడా ఉండాలి కదా.

ఇక డబ్బు. జీతం ఒకటో తారీకుకి ఇస్తున్నారు, చాలా మంచి పని, ఎంతోమంది అది కూడా చేయడం లేదు. కానీ ఎలా ఇస్తున్నారో మీరు రాయలేదు. బ్యాంకులో వేస్తున్నారా, సగం బ్యాంకులో వేసి సగం కవర్లో పెట్టి ఇస్తున్నారా? పే స్లిప్పు ఇస్తున్నారా? ఈ వయసువాళ్ళకి పే స్లిప్పు ఎంత విలువైనదో మీ తరానికి ఊహకి అందదు. మీ నాన్నగారి గుమస్తాగారికి ఇల్లు కట్టుకోవాలంటే మీ నాన్నగారే దిక్కు. ఈయనకి బ్యాంకు ఉంది. బ్యాంకు మూడు నెలల స్లిప్పులు, జీతం మీద పన్ను లెక్క చూపే ఫారం 16 అడుగుతుంది. మీరు చేతికి ఇరవై ఐదు వేలు ఇస్తూ కాగితం మీద పన్నెండు వేలు చూపిస్తే ఆ పన్నెండుకి తగ్గ లోనే వస్తుంది. అప్పుడతను కాగితం మీద ఇరవై రెండు చూపించే చోటికి వెళ్తాడు, చేతికి మూడు వేలు తగ్గినా సరే.

పీఎఫ్ కూడా అంతే. ఇరవై మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న చోట అది తప్పనిసరి. ఉద్యోగి వాటా 12 శాతం, మీ వాటా 12 శాతం. మీ వాటాలోంచే 8.33 శాతం పెన్షనుకి వెళ్తుంది, అది 15,000 జీతం వరకే లెక్క. ఒకప్పుడు కట్టారో లేదో ఉద్యోగికి తెలిసేది కాదు. ఇప్పుడు యూఏఎన్ అనే తన పీఎఫ్ నంబరు కొడితే ఏ నెల పడిందో, ఏ నెల పడలేదో ఫోనులోనే కనిపిస్తుంది. మధ్యాహ్నం అన్నం తింటూ చూసుకుంటారు. రెండు నెలలు ఖాళీ కనిపించిందంటే ఆ సాయంత్రానికి ప్లాంటంతా తెలుస్తుంది. 21,000 వరకు జీతం వాళ్ళకి ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా ఉంటుంది. అందులో ఉద్యోగి వాటా 0.75 శాతం, మీది 3.25. ఇంట్లో పెద్దవాళ్ళ వైద్యానికి ఆ కార్డే అండ అయిన కుటుంబాలు నాకు చాలా తెలుసు. ఇంకోటి, నియామక పత్రం. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టాల ప్రకారం ప్రతి ఉద్యోగికీ అది ఇవ్వాలి. పాతవాళ్ళకి కూడా రాయించి ఇవ్వండి. హోదా, జీతం, పనిగంటలు, సెలవులు అందులో స్పష్టంగా ఉండాలి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, నొచ్చుకోకండి. లక్షన్నర అప్పు మీరు మంచి మనసుతో ఇచ్చారు. పెళ్ళి జరిగింది, ఆ ఇంట్లో మీ పేరు తలచుకుంటారు. కానీ బాకీ తీరిన నెలలోనే వెళ్ళిపోయాడని రాశారు చూశారూ, ఆ వాక్యాన్ని అతని వైపు నుంచి చదవండి. తీరేదాకా ఆగాడు. వెళ్ళాలని ఎప్పుడో అనుకుని ఉంటాడు, మీ డబ్బు మెడ మీద ఉండగా వెళ్తే తప్పని ఆగి, పైసాతో సహా కట్టి వెళ్ళాడు. అతను కృతఘ్నుడు కాదు, పరువున్న మనిషి. యజమాని దయ మీద బతకడం ఈ తరానికి బరువు. నాకు రావాల్సింది నాకు రాసి ఇవ్వండి, మిగతాది నేను చూసుకుంటాను అనుకునే మనుషులు వీళ్ళు. మీ ప్రేమ వద్దని కాదు. బట్టలు పెట్టండి, పెళ్ళికి వెళ్ళండి, అక్షింతలు వేయండి. అవన్నీ రావాల్సినవి వచ్చాక మీద పడే నెయ్యి లాంటివి.

ఇంతా చేసినా మనుషులు వెళ్ళిపోకుండా ఉండడానికి మాత్రమే ఇవి సరిపోతాయి. ఇష్టంగా పనిచేయడానికి ఇంకోటి కావాలి. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1950ల చివర్లో పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల ఓ రెండువందల మంది ఇంజనీర్లనీ, అకౌంటెంట్లనీ కూర్చోబెట్టి, పనిలో మీకు బాగా అనిపించిన సందర్భం చెప్పండి, బాధ కలిగించిన సందర్భం చెప్పండి అని అడిగాడు. బాధ కలిగించినవన్నీ జీతం, రూల్సు, పైవాడి తీరు, పనిచేసే చోటు. సంతోషం ఇచ్చినవి వేరు. ఏదైనా సాధించడం, అది నలుగురూ గుర్తించడం, బాధ్యత పెరగడం, కొత్తది నేర్చుకోవడం. ఇది మిలీనియల్స్ పుట్టకముందు మాట. మీ స్టాఫు కొత్తగా కోరుతున్నదేమీ లేదు. వెళ్ళడానికి వీళ్ళకి దారులు ఎక్కువున్నాయి, అంతే.

దీన్ని మీ ప్లాంటుకి అన్వయించి చూడండి. అమెరికాకి రొయ్య పంపాలంటే 1997 నుంచి హాసప్ అనే ఆహార భద్రతా పద్ధతి ప్రకారం రికార్డులు ఉండి తీరాలి. యూరప్ వాళ్ళు నైట్రోఫ్యూరాన్లు, క్లోరాంఫెనికాల్ లాంటి యాంటీబయాటిక్ అవశేషాలు దొరికితే సరుకు వెనక్కి తిప్పేస్తారు. ఒక్కసారి కంటైనరు తిరిగొస్తే ఎంత నష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ నష్టం రాకుండా కాపాడుతున్నది ల్యాబు రిపోర్టు కింద ఉన్న సంతకం. మరి విదేశీ కొనుగోలుదారు ఆడిట్‌కి వచ్చిన రోజున బల్ల దగ్గర కూర్చుని మాట్లాడేది ఎవరు? నేను చూసిన ప్లాంట్లలో యజమాని, యజమాని కొడుకో అల్లుడో మాట్లాడతారు. ఏడాదంతా రికార్డు రాసినవాళ్ళు ఫైళ్ళు పట్టుకుని వెనక నిలబడతారు. టీలు వాళ్ళ చేతే ఇప్పిస్తారు. అది చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమనేది. మీ ప్లాంటులో ఇలాగే జరుగుతుంటే రేపటి ఆడిట్‌ నుంచే మార్చండి. రికార్డు ఎవరిదో వాళ్ళే చెప్పాలి. ఇంగ్లీషు తడబడితే తడబడనివ్వండి, వచ్చినవాళ్ళకి కావాల్సింది పని తెలిసిన మనిషి.

పైకి ఎదిగే దారి కూడా మాట్లాడండి. కుటుంబ వ్యాపారంలో మేనేజరు కుర్చీ ఎవరికి వెళ్తుందో అందరికీ తెలుసు, దాని గురించి ఎవరూ ఆశ పెట్టుకోరు. దాని కింద ఏముందో చెప్పండి. గ్రేడింగు చూసేవాడు ఎక్స్‌పోర్టు డాక్యుమెంట్లు నేర్చుకోవచ్చా? స్టోర్సు అతను కొనుగోలులోకి రావచ్చా? శిక్షణకి పంపిస్తే నేర్చుకుని వెళ్ళిపోతారని భయపడతారు చాలామంది. నేర్పకపోతే నేర్చుకోవడానికే వెళ్తారు.

ఉత్తరంలో మీ దగ్గర పనిచేసే ఆడవాళ్ళ ఊసు చివర్లోనే ఉంది, అదీ నోటీసు ఇచ్చిన అమ్మాయి గురించి. మీ పీలింగు హాల్లో చేతులు ఐసునీళ్ళలో పెట్టి గంటల తరబడి నిలబడేది ఎక్కువగా ఆడవాళ్ళే. వాళ్ళలోనూ సగం మంది ఈ తరం వాళ్ళే ఉంటారు. మిలీనియల్ అంటే ల్యాప్‌టాపు పట్టుకున్నవాడే అనుకోకండి. గ్లవుసులు చిరిగితే అడిగిన వెంటనే కొత్తవి ఇవ్వడం, మధ్యలో కాసేపు కూర్చోనివ్వడం, తలుపు సరిగ్గా పడే, నీళ్ళు వచ్చే మరుగుదొడ్డి, రాత్రి షిఫ్టు అయితే ఊరి మొదట్లో దించి చేతులు దులుపుకోకుండా వీధి దాకా తీసుకెళ్ళే వ్యాను, ఇవి వాళ్ళు చోటు ఎంచుకునేటప్పుడు చూసేవి. పక్క ఊరి ప్లాంటులో వ్యాను బాగుంటే రోజుకి ఇరవై రూపాయలు తక్కువైనా అటే వెళ్తారు. యాభై మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న సంస్థలో పిల్లల్ని ఉంచుకునే గది ఉండాలని 2017 చట్ట సవరణ చెప్పింది, ఇప్పటి కొత్త చట్టంలోనూ అది ఉంది. మొదటి ఇద్దరు పిల్లలకీ ప్రసూతి సెలవు 26 వారాలు. పదిమంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి కమిటీ ఉండాలి, దానికి ఒక ఆడమనిషి అధ్యక్షురాలు కావాలి. ఆ కమిటీలో ఎవరున్నారో పీలింగు హాల్లో ఎవరినైనా అడిగి చూడండి. తెలియదంటే కమిటీ లేనట్టే.

కేరమ్ బోర్డు పెట్టండి, తప్పేం లేదు. ముందు అన్నం తినే గదికి రెండు ఫ్యాన్లు, చల్లని మంచినీళ్ళు చూడండి.

ఎంత చేసినా కొందరు వెళ్తారు. హైదరాబాదు ఇచ్చే జీతం మనం ఇవ్వలేం. అయితే 2020లో లాక్‌డౌన్ అప్పుడు ఇళ్ళకి వచ్చి, అమ్మానాన్నల దగ్గర ఉండిపోదాం అనుకున్నవాళ్ళు మన ఊళ్ళలో ఉన్నారు. అద్దె లేదు, పాలు పెరుగు ఇంటివి, పిల్లలకి తాతయ్య ఉన్నాడు. వాళ్ళకి ఇక్కడ పరువైన ఉద్యోగం ఒకటి చాలు. వాళ్ళు మీ ప్లాంటు గురించి వినేది మీ ప్రకటనలో కాదు, మీ దగ్గర మానేసిన బావమరిది నోట. అందుకే వెళ్ళేవాళ్ళని బాగా పంపించండి. రాజీనామా చేసినవాళ్ళకి రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలని కొత్త చట్టం అంటోంది.

ఇప్పుడు ల్యాబు అమ్మాయి. జీతం పెంచుతానని మొదటి మాటగా అనకండి. నోటీసు ఇచ్చాక పెంచితే, ఇన్నాళ్ళూ పెంచగలిగి కూడా పెంచలేదన్నమాట అని ఆమెకి అనిపిస్తుంది. మీ గదికి పిలిపించకండి, అల్లుడుగారిని పక్కన కూర్చోబెట్టుకోకండి. మీరే ల్యాబుకి వెళ్ళండి. ఎందుకు వెళ్తున్నావని అడిగితే ‘మంచి అవకాశం’ అనే చెబుతుంది. అలా కాకుండా, పోయిన ఏడాదిలో ఇక మానేద్దాం అని మొదటిసారి అనిపించిన రోజు ఏదమ్మా అని అడగండి. చెప్పింది వినండి, మధ్యలో సమాధానం చెప్పకండి. అది ఆమె రాత్రి డ్యూటీ గురించి అయితే వంతుల పట్టీ తయారుచేసే పని ఆమెకే అప్పగించండి, ఉండమని అడగండి. పెళ్ళయి వేరే ఊరు వెళ్తుంటే, లేక ఇంకో కారణం మీ చేతిలో లేనిదైతే, ఆపకండి.

వెళ్ళేట్టయితే ఆరేళ్ళు చేసింది కాబట్టి గ్రాట్యుటీ ఆమెకి రావాలి. చట్టం లెక్కలోకి తీసుకునే ఆఖరి నెల వేతనాన్ని (బేసిక్, కరువు భత్యం లాంటివి) 26తో భాగించి, 15తో, ఆపైన 6తో గుణించండి. 18,000 అనుకుంటే 62,308 రూపాయలు. ముప్పై రోజుల గడువు ఉంది, కానీ చివరి రోజునే చెక్కు చేతికివ్వండి. అనుభవ పత్రంలో ఆమె ఏయే పరీక్షలు చేసిందో, ఏయే ఆడిట్లకి రికార్డులు సిద్ధం చేసిందో పేరుపేరునా రాయించండి.

నెలాఖరు లోపు ఆమె ఏం చెప్పిందో నాకు రాయండి. మిగతా స్టాఫు గురించి అప్పుడు ఇంకా వివరంగా మాట్లాడుకుందాం.